పుర్రచేతి కోత

కూర్మయ్యకి ఓర్వలేనితనం పుట్టుకతోనే వచ్చిందని కొందరు, ఓడెక్కాక వచ్చిందని కొందరు అనేవారు. ఎప్పుడొస్తేనేం, వచ్చింది మాత్రం దండిగా వచ్చింది. శ్రీకాకుళం అవతలి పల్లె నుంచి సముద్రం అవతలి పినాంగు రేవుకి తెచ్చిన ఓడలో, గాలి తగిలే చోటు పక్కవాడికి దొరికిందని అలిగి అన్నం మానేసిన మనిషి. తోటకి చేరాక కూలీల మేస్త్రీ, అంటే కంగాణి, అందరికీ ఒకే రకం కంబళ్ళు పంచితే, ఎదుటివాడి కంబళికి చారలెక్కువ ఉన్నాయని పేచీ పెట్టుకున్నాడు. రెండూ పక్కపక్కన పరిచి చూపించినా ఒప్పుకోలేదు. చారలు సమానమే గానీ వాడివి లావుగా ఉన్నాయన్నాడు!

అలాంటివాడికి దేవుడమ్మనిచ్చి చేశారు. ఇహ చూసుకోండి.

దేవుడమ్మ మాటకారి కాదు గానీ నవ్వు మనిషి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు కదిలిపోయేలా నవ్వేది. ఆ నవ్వు ఇంట్లో తన ముందు నవ్వితే కూర్మయ్యకి ప్రాణం లేచొచ్చేది. వాకిట్లో మరొకరి ముందు నవ్వితే ఆ ప్రాణమే గిలగిల కొట్టుకునేది. పెళ్ళాం మీద ప్రేమ లేదంటే పాపం. ప్రేమ ఉంది, కాని దాన్ని కాపలా కుక్కలాగా గుమ్మంలో కట్టేసి ఉంచాడు. వచ్చేపోయే ప్రతివాణ్ణీ చూసి అది మొరిగేది.

వాళ్ళుండే రబ్బరు తోట ఓ నది సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో, హుటాన్ మెలింటాంగ్ రేవుకి కాస్త లోపలగా ఉండేది. అది పందొమ్మిది వందల ఇరవై ఎనిమిదో సంవత్సరం. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ చెట్లకి పాలు గీసేవాళ్ళే అయినా పనిచోట్లు వేరు. మగవాళ్ళకి గట్టు మీది ముదురు చెట్లు, ఆడవాళ్ళకి ఏటి పక్క లేత చెట్లు. ఇంకా వెలుగు రాకుండానే ఎవరి కత్తి వాళ్ళు పట్టుకుని ఎవరి వరసకి వాళ్ళు పోవాలి. పొద్దెక్కాక పాల బకెట్లు మోసుకొచ్చి తూకం కొట్టం దగ్గర కలుసుకోవాలి.

ఆ కొట్టం దగ్గరే కూర్మయ్యకి శని పట్టుకుంది. అక్కడ పాలు తూచేవాడు తాతబాబు. మునుపు తనూ చెట్లు గీసినవాడే. నాలుగక్షరాలు వచ్చని దొర అతన్ని తక్కెడ దగ్గర నిలబెట్టాడు. మంచి పాటగాడు. పెళ్ళి కాలేదు. పుర్రచెయ్యి వాటం కావడంతో ఎడమచేత్తోనే బకెట్టు ఎత్తి, ఎడమచేత్తోనే తక్కెడకి తగిలించేవాడు. ఇవన్నీ కూర్మయ్య లెక్కలో నేరాలే.

ఓ రోజు దేవుడమ్మ బకెట్టులోకి తొంగి చూసి తాతబాబు, "ఏటి దేవుడమ్మా, ఇందులో పాలకన్న దోమలే ఎక్కువున్నాయి! దోమలకి వేరే తూకం ఎయ్యమంటావేటి?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. దేవుడమ్మా నవ్వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా.

ఆ సాయంత్రం గది తలుపు దగ్గరగా వేసి, "ఏటా నవ్వు?" అని అడిగాడు కూర్మయ్య. చెయ్యి పట్టుకునే అడిగాడు. ఆమె పలకలేదు. చెయ్యి కాస్త తిప్పాడు. అప్పటికీ పలకలేదు. ఇంకాస్త తిప్పాడు. అంతే. కొట్టలేదు, తిట్టలేదు. మిగతా మొగుళ్ళతో పోలిస్తే తనెంత నయమో అనుకుంటూ, ఆమె వడ్డించిన అన్నం తిని పడుకున్నాడు. మర్నాడు దేవుడమ్మ మణికట్టుకి పసుపు గుడ్డ కట్టుకుంది. ఏమైందని పక్క గది ఆడవాళ్ళడిగితే, కుళాయి దగ్గర పాచి మీద జారానంది. ఆ మాట కూర్మయ్యా విన్నాడు. విని, మీరు నమ్మరు గానీ, నమ్మాడు కూడా! "సూసుకు నడవాల" అని పెళ్ళాన్ని మందలించాడు.

అంతలో చలికాలం వచ్చింది. ఆ దేశంలో చలికాలం మనుషులకి రాదు, రబ్బరు చెట్లకి వస్తుంది. మాఘమాసం వెళ్ళే రోజుల్లో తోట తోటంతా ఆకు ఎర్రబారి, గాలి కదిలితే చాలు జలజలా రాలిపోతుంది. ఏడాది పొడుగునా నీడలో మగ్గిన నేల మీద ఒక్కసారిగా ఎండ పడుతుంది. చెట్టులో పాలు తగ్గిపోతాయి. కొత్త చిగురు ముదిరేదాకా కోత ఆపమని దొరలు చెబుతారు. ఆ ఏడూ అలాగే ఆపారు. కత్తులు చూరులో దోపి, కూలీలంతా అరుగుల మీద కూర్చున్నారు.

కోత ఆపాక వచ్చిన మొదటి ఆదివారం, మధ్యాహ్నం కాకుండానే సన్యాసి వచ్చాడు. కూర్మయ్య ఊరివాడే, వరసకి బావమరిది. కల్లంటే చెవి కోసుకుంటాడు.

"బావా, కల్లుకొట్టుకి ఎల్దారి రా! బేగి ఎల్తే పొద్దుటి కల్లు దొరుకుతాది."

కూర్మయ్య చూరులోంచి కత్తి తీసి నడుముకి దోపుకున్నాడు. అది అలవాటు. తువ్వాలు భుజాన వేసుకుంటుంటే, లోపల బట్టలు మడత పెడుతున్న దేవుడమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"బండిదారినే ఎల్లండి," అంది. "అడివిదారిలో ఆకు పడిపోనాది. పురుగూ పుట్రా అగుపడవు."

కూర్మయ్య ఆమె ముఖంలోకి చూశాడు. కాపరానికొచ్చిన నాటి నుంచి ఎటు వెళ్ళమనీ, ఎటు వెళ్ళొద్దనీ ఒక్కనాడు చెప్పిన మనిషి కాదు. ఇవాళేమిటి కొత్తగా? అడవిదారి అంటే ఏటి పక్క లేత చెట్లలోంచి పోయే దారి. ఆమె పనిచేసే చోటు. తనని అటు వెళ్ళొద్దంటోందంటే అక్కడేదో ఉండాలి. తన కంట పడకూడనిది ఏదో ఉండాలి. ఈ ముక్క మనసులో పడ్డాక ఇక కూర్మయ్య కాళ్ళు బండిదారి పడతాయా!

"సరేలే," అన్నాడు పెళ్ళాంతో. నాలుగిళ్ళు దాటగానే మలుపు తిరిగి అడవిదారి పట్టాడు.

"ఇదేటి బావా, అప్ప బండిదారినే పొమ్మంది గదా!" అన్నాడు సన్యాసి.

"అందుకే ఇటు ఎల్తన్నాను. నడు."

కాళ్ళ కింద ఎండుటాకులు కరకరలాడుతున్నాయి. మోకాలి దాకా ఆకే. పైన కొమ్మలు బోసిపోయి, వాటి మధ్య ఆకాశం తెల్లగా కనిపిస్తోంది. కోతులు ఎండలో కూర్చుని ఒకదాని వీపు ఒకటి గోక్కుంటున్నాయి. ఇంకొకరైతే ఆ ఎండకీ, ఆ గాలికీ హాయిగా కూనిరాగం తీసేవాళ్ళు. కూర్మయ్య మాత్రం పోయిన వస్తువు వెతుక్కునేవాడిలా నేల మీదా చెట్ల మీదా చూసుకుంటూ నడుస్తున్నాడు.

కొంతదూరం పోయాక సన్యాసి గొంతు సవరించుకున్నాడు. "బావా, ఓ మాట అడుగుతాను, కోప్పడకు. అప్ప బంటింగు ఎల్లిపోతాదంట గదా? ఆళ్ళన్న పైడయ్య ఉన్న తోటకి. కంగాణికి సెప్పుకుందంట."

కూర్మయ్య ఆగిపోయాడు. "ఎవలు సెప్పినారు నీకు?"

"తాతబాబు నోట ఇన్నాను."

 పెళ్ళాం వెళ్ళిపోతోంది. ఆ సంగతి మొగుడికి తెలీదు, తూకం వేసేవాడికి తెలుసు! మడత పెడుతున్న బట్టలు గుర్తొచ్చాయి. ఆ బట్టలెందుకు మడత పెడుతోంది? ఇంటికి పోవాలి. ఇప్పుడే పోయి, గుమ్మంలో నిలబడి, నిజమేనా అని అడగాలి. కూర్మయ్య నిజంగానే వెనక్కి తిరిగాడు. ఒక అడుగు వేశాడు కూడా.

ఆ అడుగు దగ్గరే పక్కనున్న చెట్టు మీద చూపు పడింది. పడి, అక్కడే ఉండిపోయింది.

అది దేవుడమ్మ చెట్టు. పాలు గీసేవాళ్ళకి ఎవరి కోత వాళ్ళది, నడకలాగా, దగ్గులాగా. దేవుడమ్మది పొట్టి చెయ్యి. కోత సగం దాకా లాగి, ఆగి, మళ్ళీ లాగుతుంది. ఆగిన చోట చిన్న మెట్టు పడుతుంది. కాపరానికొచ్చిన కొత్తలో ఆమె చెయ్యి పట్టుకుని కోత నేర్పినవాడు కూర్మయ్యే. ఎన్నిసార్లు దిద్దినా ఆ మెట్టు మాత్రం పోలేదు. చెట్టు మీద రోజుకో కోత చొప్పున బెరడు దిగుతూ వస్తుంది. పైనున్న పాత కోతలన్నిటిలో ఆ మెట్టు ఉంది. కిందికొచ్చేసరికి, ఈమధ్య గీసిన కోతల్లో లేదు.

వంగి వేలితో తడిమాడు. కుడిచేత్తో గీస్తే కోత పైకొసన లోతుగా ఉండి, దిగువకి తేలిపోతుంది. ఇక్కడ తిరగబడింది. పైన తేలిక, కింద లోతు.

పుర్రచెయ్యి.

"తాతబాబు," అన్నాడు పళ్ళ మధ్య నుంచి.

"ఏటి?" అన్నాడు సన్యాసి అర్థం కాక.

 కూర్మయ్య పక్క చెట్టు దగ్గరికి పోయాడు. అక్కడా అదే కోత. దాని పక్కదీ అంతే. వెలుగు రాకముందు ఈ చెట్ల మధ్య వాడు! తను గట్టు మీద ముదురు చెట్లతో కుస్తీ పడుతుంటే, ఇక్కడ వాడు పెళ్ళాం పని చేసిపెట్టి, ఆమెని కూర్చోబెట్టి పాటలు పాడి ఉంటాడు. ఆమె నవ్వి ఉంటుంది. ఆ భుజాలు కదలడం కళ్ళకి కట్టినట్టు కనపడి ఒళ్ళంతా భగ్గుమంది. అన్నిటికన్నా కడుపు మండిన సంగతి ఏమిటంటే, కోత బాగుంది. ఎక్కడా చెక్కకి తగల్లేదు, బెరడు వృథా కాలేదు. తన కోత కన్నా బాగుంది!

"బావా, రావేటి? కల్లు పులిసిపోతాది!"

"నువ్వెల్లు. నానొస్తాను."

సన్యాసి కాసేపు అటూ ఇటూ చూసి, నెత్తి గోక్కుని, కల్లు దారి చూసుకున్నాడు. కూర్మయ్య ఒక్కో చెట్టే చూసుకుంటూ పోయాడు. ఒక్క చెట్టు మీదైనా ఆ మెట్టు కనపడుతుందేమో, ఒక్కదాన్నైనా ఆమె తన చేత్తో గీసి ఉంటుందేమో అని ఆశ. చిన్నపిల్లాడి ఆశ. ప్రతి చెట్టూ ఆ ఆశ మీద కొట్టింది.

అలా చూస్తూ చూస్తూ వెదురుపొద దాకా వచ్చాడు. ఆ పొద అవతలే బండిదారి. అటునుంచి ఎడ్ల గంటలు వినిపించాయి. వచ్చి వచ్చి, సరిగ్గా పొదకి అవతల ఆగాయి. చాలాసేపు ఆగాయి. ఎవరిదో బండి, ఎద్దు మొరాయించి ఉంటుందనుకున్నాడు. తలెత్తలేదు. చూడాల్సిన చెట్లు ఇంకా ఉన్నాయి. కాసేపటికి గంటలు కదిలి రేవు వైపు వెళ్ళిపోయాయి. కూర్మయ్య తర్వాతి చెట్టు దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

కల్లుకొట్టు చేరేసరికి పొద్దు వాలింది. రేవుకి పోయే దారిలో, కొబ్బరిచెట్ల మధ్య, తాటాకులాంటి ఆకుల కప్పు వేసిన పాక అది. కొబ్బరి మొద్దుల స్తంభాలు, పొడుగాటి బల్లలు. బయట చూరు కింద ఎర్రమ్మ బుట్ట పెట్టుకుని, ఉడకబెట్టిన సెనగలూ ఎండురొయ్యల వేపుడూ అమ్ముతోంది. ఎర్రమ్మ తాతబాబు తల్లి. ఒకప్పుడు చెట్లు గీసేదని చాలామంది మరిచిపోయారు కూడా. ఆమె సెనగలకి పేరుంది గానీ వడ్డనకి లేదు. కుడిచేత్తో ఆకులోకి పోస్తే సగం నేలపాలే. తాగినవాళ్ళు, "అత్తా, నువ్వు తాగినావా మేం తాగినామా?" అని ఏడిపించేవాళ్ళు. ఆమె నవ్వి ఊరుకునేది.

లోపల బల్ల దగ్గర సన్యాసి ఎదురుగా తాతబాబు కూర్చున్నాడు. ఇవాళ పాట లేదు. మోకాళ్ళ దాకా రేవు బురద. కూర్మయ్యని చూడగానే లేచి నిలబడ్డాడు, ఏదో చెప్పేవాడిలా.

కూర్మయ్య చెప్పనియ్యలేదు. చొక్కా గుండెల దగ్గర పట్టుకుని గుంజాడు. "నా పెళ్ళాం సెట్లు ఎన్నాళ్ళుగా గీస్తన్నావురా?"

"ఏటి కూర్మయ్యా? నాను కత్తి ఒగ్గేసి ఏళ్ళయిపోనాది!"

"నా కాడ ఆటలు కట్టిపెట్టు! ఈ తోటలో పుర్రచెయ్యి ఎవుడికున్నాది, నీకు తప్ప?"

కూర్మయ్య రెండో చెయ్యి నడుము దగ్గరి కత్తి మీదికి పోయింది. బల్లలన్నీ ఒక్కసారి కిర్రుమన్నాయి. సన్యాసి, "బావా! బావా!" అని కేకేశాడు గానీ దగ్గరికి రాలేదు.

కత్తి నడుములోంచి వచ్చేలోగా, పక్కనుంచి ఎవరో కూర్మయ్య మణికట్టు పట్టుకున్నారు. పట్టుకుని తిప్పారు. ప్రాణం జివ్వుమంది. ఇంకాస్త తిప్పారు. "ఓలమ్మో!" అని వంగిపోయాడు. చూస్తే ఎర్రమ్మ. ఎడమచెయ్యి. ఎండు కొమ్మలాంటి ఆ చెయ్యిలో అంత బలం ఎక్కడిదో!

"ఇలాగేనేటిరా పట్టుకున్నావు దాన్ని?" అంది.

 ఎర్రమ్మ ఆ ఎడమచేత్తోనే అతని కత్తి లాక్కుంది. పక్కనున్న కొబ్బరి స్తంభం మీద కొస ఆనించి ఒక్క లాగు లాగింది. ఎక్కడా ఆగలేదు. పైన తేలిక, కింద లోతు. కూర్మయ్య ఆ గీతని గుర్తుపట్టాడు. ఇందాకంతా చెట్టు చెట్టుకీ తడిమిన కోత అది.

"వీడికి పుర్రచెయ్యి యాడ నుండి వచ్చినాదనుకున్నావు?" అంది ఎర్రమ్మ. "నా కాడ నుండే. వాడు మొగోడు, సెల్లిపోయింది. నాకు మా అత్త వాత పెట్టి మానిపించింది. ఆడది ఎడంసేత్తో వడ్డిస్తే ఎవులు తింటారు? అందుకే నలుగుర్లో కుడిసెయ్యి. సీకట్లో సెట్టుకేటి, ఏ సెయ్యయినా ఒకటే."

"నువ్వా అత్తా? నువ్వెందుకు?"

"దాని సెయ్యి ఇంత లావున వాసిపోనాది. కత్తి పట్టలేకపోయింది. పని మానేస్తే ఎందుకని అడుగుతారు, అడిగితే నీ పేరు బయటికొస్తాది. నీ పేరు బయట పడకూడదని ఏడిసినాది ఎర్రిమొకంది! నాను గీసినాను, అది పాలు మోసినాది."

కూర్మయ్యకి మొదట కలిగింది సిగ్గు కాదు. చెబితే మీకు అసహ్యం వేస్తుంది గానీ, అదే నిజం. మొదట కలిగింది ఉక్రోషం. తన పెళ్ళాం తన దగ్గర ఏడవకుండా ఈ ముసల్దాని దగ్గర ఏడ్చిందా!

"నాకెందుకు సెప్పలేదు?" అన్నాడు.

"నీకా!" అంది ఎర్రమ్మ. "సేసినోడివి నువ్వే గదరా. నీకేటి సెప్పాల?"

అప్పుడొచ్చింది సిగ్గు. కుళాయి, పాచి, పసుపు గుడ్డ, 'సూసుకు నడవాల' అన్న తన మాట, అన్నీ వరసపెట్టి వచ్చి ఎదురుగా నిలబడ్డాయి. తువ్వాలుతో ముఖం తుడుచుకుని లేచాడు. "ఇంటికి ఎల్తాను. కాళ్ళట్టుకుంటాను. బంటింగు ఎల్లొద్దంటాను."

తాతబాబు తల్లి వైపు చూశాడు. ఎర్రమ్మ తల తిప్పుకుంది.

"అయిపోనాది కూర్మయ్యా," అన్నాడు తాతబాబు మెల్లగా. "ఆటు నీటితో పడవ ఎల్లిపోనాది. నానే బండిలో తీసికెల్లి ఎక్కించి వచ్చినాను. ఆళ్ళన్న అవతల క్లాంగు రేవు కాడ ఉంటాడు."

కూర్మయ్య బల్ల మీద కూలబడ్డాడు. "ఏడిసిందేటి?" అని అడిగాడు.

"నేదు."

ఏడ్చిందంటే వేరొకడి ముందు ఏడ్చిందని మండేది. ఏడవలేదంటే ఇంకా మండింది. ఆమె పక్కన రేవుదాకా కూర్చున్నందుకు తాతబాబు మీద, ఆమె గోడు విన్నందుకు ఎర్రమ్మ మీద, ఆఖరికి ఆమెని మోసుకుపోయినందుకు ఆ ఎడ్ల మీద కూడా మండింది. ఆ మంట ఎవర్నీ వదల్లేదు. ఇన్నాళ్ళూ తెలీనిదేమిటంటే, అన్నీ కాల్చాక అది తన దగ్గరికే వస్తుందని.

తాతబాబు నోట్లో ఇంకో మాట ఉంది. చెప్పాలా వద్దా అని నలిగి, చివరికి చెప్పేశాడు. "నువ్వు బండిదారినే వస్తావంది. 'నానే ఎల్లమని సెప్పినాను, ఆ దారినే వస్తాడు' అంది. దారంతా నువ్వు అగుపడకపోతే వెదురుపొద కాడ బండి ఆపమంది. నువ్వు వచ్చి, యాడికి ఎల్తన్నావని ఒక్క మాట అడిగితే దిగిపోతానంది. శానాసేపు ఆపినాం. నువ్వు రాలేదు."

ఎర్రమ్మ బయటికి పోయి ఒక ఆకులో సెనగలు తెచ్చింది. నలుగురూ చూస్తుండగా ఎడమచేత్తోనే చాపింది. ఒక్క గింజ కింద పడలేదు. కూర్మయ్య రెండు చేతులా అందుకున్నాడు. తినలేదు, పక్కన పెట్టనూ లేదు.

"నాను అక్కడే ఉన్నాను," అన్నాడు. "పొదకి ఇవతల."

సన్యాసి నోరు వెళ్ళబెట్టాడు. "మరి ఎడ్ల గంటలు ఇనపడనేదేటి బావా?"

"ఇనపడ్డాయి," అన్నాడు కూర్మయ్య.